రోమకుల దేవతాగూళ్లును జలాలంకారములును

తెలంగాణమున భవంతియనియు, కోస్తాసీమలో మండువాయనియు పిలువబడు పాతయిండ్ల నెరిగినవారికి రోమకుల గృహము క్రొత్తగా తోపదు. చుట్టును వసారాలు, నడుమ ఆకాశమునకు తెరపి, వాననీటికి పల్లము. ఈ మూడును రెండింట కలవు. దేవునికై గోడలో గూడమర్చుటయు నట్టిదే. ఈ పోలికకు మూలమేమో విచారింపదగియున్నది.

క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతపు బూడిదలో పూడిన పాంపే నగరమున ఇట్టి గూళ్లు పెక్కు బయల్పడినవి. 1894లో త్రవ్వ నారంభింపబడిన వెట్టీల యింటి గూడు వానిలో ప్రసిద్ధము. స్తంభములతోను, త్రికోణశిఖరముతోను అది చిన్న కోవెలవలె నుండును. నడుమ తలపై వస్త్రము కప్పుకొనిన జీనియసు, అనగా గృహయజమానుని రక్షకదైవము. ఇరువంకల పానపాత్రలెత్తి నర్తించు లారులను గృహదేవతలు. అడుగున నైవేద్యమునకై వచ్చు సర్పము చిత్రింపబడినవి. ఇది అతిథులు కూర్చుండు చావడిలో గాక వంటయింటి చెంత చిన్నముంగిట నున్నది. అన్ని యిండ్లలో నిట్లు కాదు. పెద్దముంగిటనే దేవతలను నిలిపినవారును కలరు. ఐనను పొయ్యికిని లారునకును గల బంధము ప్రాచీనము. నెలలోని మూడు పర్వదినములందు పొయ్యిపై పూలదండ నుంచి లారుని ప్రార్థింపవలెనని క్రీ.పూ. రెండవ శతాబ్దివాడగు కేటో తన కృషిగ్రంథమున గృహనిర్వాహకురాలికి విధించెను.

నీటి కథ వేరు. మొదట నడిమిపల్లమున పడిన వాననీరు నేలక్రింది తొట్టిని చేరి యింటి యవసరములు తీర్చెడిది. ఆగస్టసు కాలమున కట్టిన కాలువచే నూటనీరు నగరమునకు రాగా, సీసపుగొట్టములు దానిని ధనికుల తోటలకు చేర్చెను. అవసరము తీర్చిన నీరే అలంకారమాయెను. పాంపేలో పెద్ద జలయంత్రపు టిల్లని పేరొందిన భవనమున రంగుగాజు పలుకులును గవ్వలును పొదిగిన గూడు కలదు. అది జలదేవతల గుహను తలపించును. హెర్క్యులేనియమున నెప్ట్యూను చిత్రము గల యింట జలస్థానము చెంతనే భోజనపీఠము లున్నవి. దేవతాగూటి రూపమే యిట్లు విందునకు శోభయైనది.

నల్లగొండ సీమ అక్కెనపల్లిలో ఆగస్టసు, టైబీరియసుల వెండినాణెములు నిక్షేపముగా దొరకినవి. పాంపేలో 1938లో భారతీయ దంతవిగ్రహము దొరకినది. వర్తకము నిశ్చయము. ఐనను నాణెము వచ్చిన దారినే యింటికట్టుబడియు వచ్చెననుట సాహసము. ఎండవేడిమి గల దేశములలో వెలుతురును, వానను లోనికి రప్పించు ముంగిలి సహజావసరము. వంట జరుగు చోట దేవుని తలచుటయు నట్టిదే. ఒకే యవసరము రెండు జాతులచే ఒకే రీతి కట్టించెను. కావున పోలికను ఎరువుగా నెంచరాదు.