రాత్రి గస్తీలో అనుమానితుడు కనిపిస్తే పట్టుకోవాలా? ఫోన్ చేయాలా? కాలనీ యువత తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే..

దొంగలు తిరుగుతున్నారని తెలిస్తే చాలు.. కాలనీల్లో, ఊళ్లలో కుర్రాళ్లు కర్రలు, టార్చిలైట్లు పట్టుకుని గస్తీకి దిగుతుంటారు. చెడ్డీ గ్యాంగ్ సీసీ ఫుటేజీ బయటికొచ్చినా, సంక్రాంతికి సగం ఇళ్లకు తాళాలు పడినా ఇదే సీన్. వాట్సాప్‌లో గ్రూప్ పెట్టుకుని, వంతులేసుకుని తిరుగుతారు. ఇది మంచి పనే. అయితే అర్ధరాత్రి ఓ కొత్త మనిషి ఎదురైతే ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. ఆ కాసేపట్లో జరిగే పొరపాటు ఓ ప్రాణం తీయొచ్చు. గస్తీకి వెళ్లినవాళ్లను జైలుకూ పంపొచ్చు.

2018లో ఏం జరిగిందంటే..

పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు వచ్చాయంటూ 2018 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ మెసేజ్‌లు జోరుగా తిరిగాయి. ఆ భయంతో చాలా చోట్ల కొత్తవాళ్లపై దాడులు జరిగాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్లపై గుంపు విరుచుకుపడటంతో ఒకరు చనిపోయారు. అదే ఏడాది జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను జనం కొట్టి చంపేశారు. ఆయనతో వెళ్లినవాళ్లు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే అనుమానానికి కారణమైంది. వాళ్లు కారులో వెళ్లిపోతున్నా, వాట్సాప్‌లో కబురు ముందే పాకడంతో తర్వాతి ఊళ్లో రోడ్డుకు అడ్డుపడ్డారు. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో అయితే జులై 1న ఒకే చోట ఐదుగురు సంచార భిక్షకులు బలయ్యారు.

వీళ్లెవరూ పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు కాదు. కొట్టినవాళ్లు మాత్రం ఊరిని కాపాడుతున్నామనే అనుకున్నారు.

ఈ నేపథ్యంలోనే 2018 జులై 17న సుప్రీంకోర్టు మూకదాడులపై కీలక ఆదేశాలిచ్చింది. వీటిని అడ్డుకోవడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టాలని చెప్పింది. మెసేజ్‌లను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా మన దేశంలో వాట్సాప్ పరిమితి పెట్టింది కూడా ఆ నెలలోనే.

చట్టం ఏం చెబుతోంది?

మామూలు పౌరుడు కూడా ఒకరిని పట్టుకోవచ్చు. కానీ దానికి షరతులున్నాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 40 ప్రకారం.. బెయిల్ రాని, వారెంట్ లేకుండా పోలీసులు అరెస్ట్ చేయగల నేరం మీ కళ్లముందే జరగాలి. లేదా ఆ వ్యక్తిని కోర్టు పరారీ నేరస్థుడిగా ప్రకటించి ఉండాలి. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి.

అంటే.. "చూస్తే దొంగలా ఉన్నాడు", "మన భాష రావట్లేదు", "అడిగితే తడబడ్డాడు" అనేవి పట్టుకోవడానికి కారణాలు కావు. అలా గదిలో పెట్టి తాళం వేస్తే అక్రమ నిర్బంధం కేసు, చేయి చేసుకుంటే దాడి కేసు పడతాయి. మనిషి చనిపోతే గుంపులో ఉన్న అందరి మీదా హత్య కేసు పెట్టే వీలుంది. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి కులం, భాష, పుట్టిన ప్రాంతం లాంటి కారణాలతో చంపితే.. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 ప్రకారం ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడే అవకాశం ఉంది.

ఎదురుదాడి జరిగితే మిమ్మల్ని మీరు కాపాడుకునే హక్కు మీకుంది. కానీ అవసరానికి మించి కొట్టే హక్కు లేదు. కింద పడ్డాక, కట్టేశాక వేసే ఒక్క దెబ్బ కూడా ఆత్మరక్షణ కిందికి రాదు.

కొత్త మనిషి కనిపిస్తే ఇలా చేయండి

* ఒంటరిగా దగ్గరికి వెళ్లొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, వెలుతురు ఉన్నచోట, నాలుగైదు అడుగుల దూరంలో ఆగండి. చుట్టుముట్టొద్దు, వెళ్లే దారి వదలండి. దారి లేదనుకున్న మనిషే తిరగబడతాడు.

* టార్చ్ ముఖం మీద కొట్టొద్దు. "ఎవర్రా నువ్వు" అని కాకుండా "ఎవరింటికి వచ్చారండీ? ఏమైనా కావాలా?" అని అడగండి. దారి తప్పినవాళ్లు, డెలివరీ బాయ్‌లు, చుట్టాలింటికి వచ్చినవాళ్లు వెంటనే చెప్పేస్తారు.

* బ్యాగ్, ఫోన్, జేబులు వెతకొద్దు. ఆధార్ చూపించి తీరాలని పట్టుబట్టొద్దు. ఆ పని పోలీసులది.

* అనుమానం తీరకపోతే దూరం జరిగి 112కు గానీ, 100కు గానీ ఫోన్ చేయండి. చోటు, గుర్తుగా గుడి గానీ షాపు గానీ, ఎంతమంది, ఎలాంటి బట్టలు, బండి నంబర్, ఏ వైపు వెళ్తున్నారు.. ఇవి చెబితే చాలు. ముఖ్యంగా ఏం చేస్తుండగా చూశారో చెప్పండి. "తాళం మీద చేయి వేశాడు" అన్నది సమాచారం. "దొంగ" అన్నది మీ ఊహ.

* పారిపోతే వెంటపడొద్దు. కత్తి, రాడ్ లాంటివి కనిపిస్తే వెంటనే వెనక్కి తగ్గండి. చీకట్లో వెంటాడితే మీ ప్రాణానికే ముప్పు. ఏ వైపు వెళ్లాడో చూసి చెబితే సరిపోతుంది.

* ఫొటో, వీడియో తీస్తే పోలీసులకే ఇవ్వండి. కాలనీ గ్రూప్‌లో పెట్టొద్దు. బీదర్‌లో జనాన్ని పోగేసింది అలాంటి మెసేజే.

మాట్లాడలేకపోతే..

అడిగినదానికి జవాబు రాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. చెవుడు కావచ్చు, మతిమరుపున్న పెద్దాయన కావచ్చు, మానసిక అనారోగ్యం కావచ్చు, ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికి వచ్చిన కూలీ కావచ్చు. కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, పోలీసులకు చెప్పండి. మానసిక అనారోగ్యంతో రోడ్ల మీద తిరిగేవారికి రక్షణ కల్పించడం పోలీసుల బాధ్యత అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఒంటరిగా చిన్న పిల్లలు కనిపిస్తే 1098కి, గాయాలుంటే 108కి ఫోన్ చేయండి.

జనం పోగైతే..

అసలు పరీక్ష ఇక్కడే. అరుపులు వినగానే నిద్రలేచి వచ్చినవాళ్లకు ఏం జరిగిందో తెలియదు, తలా ఒక దెబ్బ వేస్తారు. మొదటి దెబ్బ పడకుండా ఆపడమే గస్తీ బృందం పని. ఒకరు జనంతో మాట్లాడాలి, ఒకరు పోలీసులకు మళ్లీ ఫోన్ చేయాలి, మిగతావారు ఆ మనిషికి అడ్డంగా నిలబడాలి. "పోలీసులు వస్తున్నారు, ఎవరూ చేయి వేయొద్దు" అని గట్టిగా చెప్పాలి.

గస్తీ మొదలుపెట్టే ముందే..

మీ స్టేషన్‌కు వెళ్లి ఇన్‌స్పెక్టర్‌కు గానీ, ఎస్సైకి గానీ విషయం చెప్పండి. తిరిగేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, టైమింగ్స్ రాసివ్వండి. టార్చ్, విజిల్, ఛార్జింగ్ ఉన్న ఫోన్ దగ్గరుంచుకోండి. మందు తాగినవారిని ఆ రాత్రి ఇంట్లోనే ఉంచేయండి.

గస్తీ అంటే చూడటం, చెప్పడం. అంతవరకే. అనుమానం నిజమైతే దొంగ పోలీసులకు దొరుకుతాడు. తప్పయితే.. ఓ అమాయకుడు క్షేమంగా ఇంటికి చేరతాడు, మీరూ చేరతారు.