గీత గీసి సంతకం పెట్టు

మా జగిత్యాల, కోరుట్ల వైపు సహకార సంఘం డైరెక్టరుగా గెలిచే కిటుకులు చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. గెలిచినంక మీటింగులో ఏం చెయ్యాలో చెప్పేవాళ్లే లేరు. సంఘం కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి, కొత్త డైరెక్టరు ఎవరు ఇంటికొచ్చినా ముందు తీర్మానాల పుస్తకం ముచ్చటే ఎత్తుతాను. చివరి తీర్మానం కింద అడ్డంగా గీత గీయించాలి, ఆ గీతను ఆనుకొని సంతకం పెట్టాలి. నడుమ నాలుగు వరుసలు ఖాళీ వదిలితే తెల్లారేసరికి అక్కడో కొత్త తీర్మానం మొలుస్తుంది. "సారు పెట్టుమన్నడు, పెట్టిన" అంటే ఆడిట్‌లో చెల్లదు.

ఇది నేర్పే అలవాటు మొదటినుంచీ లేదు. 1964 సహకార చట్టం కింద పెత్తనమంతా రిజిస్ట్రారుది. పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టే అధికారం సర్కారుకుంది. ఎప్పుడు పీకేస్తారో తెలియని కుర్చీలో కూర్చున్నవాడు బ్యాలెన్స్‌షీట్ ఎందుకు నేర్చుకుంటాడు? 1987లో రైతుకు అప్పూ, ఎరువూ ఒకే సంఘంలో ఇచ్చే సింగిల్ విండో పద్ధతి వచ్చాక కుర్చీకి గిరాకీ పెరిగింది, చదువు పెరగలేదు.

సిరిసిల్ల కథ వేరు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టగానే దేశంలో ఐదుచోట్ల కరెంటు సహకార సంఘాలు పెట్టి చూశారు: మహారాష్ట్రలో ములా ప్రవర, కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మనకు సిరిసిల్ల. అమెరికా పల్లెల్లో రైతులు సంఘం కట్టి కరెంటు తెచ్చుకున్న పద్ధతే దీనికి నమూనా. అట్లా 1970లో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అదే సెస్, వచ్చింది. టోకున కరెంటు కొని మరమగ్గాలకూ, బావుల మోటర్లకూ, ఇళ్లకూ అమ్మే సంఘమది. బిల్లు కట్టే మనిషే వాటాదారు. డైరెక్టరంటే కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్పించేవాడని జనం లెక్క. అసలు లెక్క వేరే: కొన్న యూనిట్లెన్ని, బిల్లయినవెన్ని, నడుమ తీగల్లో పోయినవెన్ని? ఆ మూడంకెలు చదవగలిగితే సగం పని అయినట్టే. కానీ అక్కడ 2022 ఎన్నికల్లో పార్టీలు ఎమ్మెల్యే ఎన్నికల్లాగే తలపడ్డాయి. యూనిట్ల ముచ్చట ఎవరికి పట్టింది?

మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఈ విద్య నిజంగా అబ్బింది ఆడవాళ్లకేనని నా నమ్మకం. 1990 నుంచి సహకార సంఘాలను ప్రోత్సహించే సంస్థ సీడీఎఫ్ అండతో వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పొదుపు సంఘాలు లేచాయి. సొంత పైసలు కాబట్టి, సంతకం రాని అక్క కూడా బాకీ ఎవరిదో నోటికి చెప్పేది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అదే మేం మ్యాక్స్ అనేది, సర్కారు వాటాధనాన్ని వద్దంది. దాంతోపాటే డైరెక్టర్ల మెడకు బాధ్యత చుట్టింది: మహాసభ పెట్టకపోయినా, ఆడిటైన లెక్కలు చూపకపోయినా, గడువులో ఎన్నికలు జరపకపోయినా పదవికి అర్హత పోతుంది. నా దృష్టిలో మనవాళ్లు రాసుకున్న మంచి చట్టాల్లో అదొకటి.

ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన రైతుల సంఘం ఉన్నచోటే 2002లో మహిళల పాలడెయిరీ నిలబడింది. సభ్యులూ ఆడవాళ్లే, డైరెక్టర్లూ ఆడవాళ్లే. పోయి ఒకపూట చూసి రమ్మని నా దగ్గరికొచ్చినవాళ్లందరికీ చెబుతాను. ఎక్కువమంది నామినేషన్ ఫీజు ఎంతుందో కనుక్కొని వెళ్లిపోతారు.