నీలం మీట పక్కన చుక్కలు

2004లో ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నిక అనగానే హైదరాబాద్ రాజకీయాలు తెలిసినవాళ్లకు దానం నాగేందర్ గుర్తొస్తారు. కొన్ని నెలల ముందే తెలుగుదేశం టికెట్టు మీద గెలిచి, రాజీనామా చేసి, కాంగ్రెస్ తరఫున నిలబడి మజ్లిస్ చేతిలో ఓడిపోయారు. ఆ హడావుడిలో మరుగున పడిపోయిన సంగతి ఇంకొకటుంది. బ్రెయిలీ అంకెలున్న ఓటింగ్ యంత్రాన్ని ఎన్నికల సంఘం ప్రయోగాత్మకంగా వాడి చూసింది ఆ ఉప ఎన్నికలోనే.

కాగితం బ్యాలెట్ల కాలంలో చూపులేని ఓటరు తోడు లేకుండా ఓటేయడం కుదిరేది కాదు. వెంట వచ్చిన కొడుకో తమ్ముడో స్వస్తిక్ ముద్ర వేసేవాడు. చెప్పిన గుర్తు మీదే వేశాడో, తనకు నచ్చినదాని మీద వేశాడో తెలిసే మార్గం లేదు. నమ్మకస్తుడే వేశాడనుకున్నా, ఓటు ఎవరికి పడిందో ఇంట్లో ఒకరికి తెలిసిపోయినట్టే. మామ ఒక పార్టీ, కోడలు ఇంకో పార్టీ అయిన ఇంట్లో అదేమంత చిన్న విషయం కాదు. తోడుగా వచ్చేవారికి పద్దెనిమిదేళ్లు నిండాలని, రహస్యం బయటపెట్టనని రాసివ్వాలని, ఒక రోజున ఒక్క ఓటరుకే తోడు వెళ్లాలని నిబంధనలున్నాయి. మంచి నిబంధనలే. కానీ అవి తోడు వచ్చినవాడి నోటికి తాళం వేయగలవు గానీ, వాడు చూసినదాన్ని చూడనట్టు చేయలేవు.

1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి వాడిన ఈవీఎం, 2004 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశమంతటికీ వచ్చేసింది. దాన్ని తయారుచేసేవి రెండే సంస్థలు: బెంగళూరులోని బెల్, మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. చూపులేనివారి కోసమని ఎవరూ దాన్ని తయారుచేయలేదు. అయినా వారికి పనికొచ్చే గుణం ఒకటి అందులో ముందే ఉంది. కాగితం మీద ముద్ర ఎక్కడైనా పడొచ్చు. యంత్రం మీద మీటలు కదలవు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద పదహారు మీటలు, పై నుంచి కిందికి ఒకే వరుస.

2004లోనే వికలాంగుల హక్కుల ఉద్యమ నాయకుడు జావేద్ అబిదీ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి ఆయన. బూత్ మెట్ల దగ్గరే ఆగిపోయే ఓటరు సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కోర్టు ఆ లేఖనే పిటిషన్‌గా తీసుకుంది. ఎన్నికలు నెత్తి మీదికొచ్చిన ఏప్రిల్‌లో, పోలింగ్ కేంద్రాల దగ్గర కనీసం చెక్క ర్యాంపులైనా పెట్టండని ఆదేశించింది. ర్యాంపులతో పాటు బ్రెయిలీ యంత్రాల సంగతీ అదే కేసులో చర్చకొచ్చింది.

ఇక్కడొక చిక్కుంది. అభ్యర్థుల పేర్లు నియోజకవర్గానికో రకం. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిస్తే గానీ ఎవరి వరుస ఏదో తేలదు. యంత్రం మీద పేర్లనే బ్రెయిలీలో చెక్కాలంటే ఎన్నిక ఎన్నికకీ యంత్రాన్ని మార్చాలి. అందుకని పనిని రెండుగా విడగొట్టారు. ఎప్పటికీ మారని అంకెలను యంత్రం మీద పెట్టారు. మారే పేర్లను బ్రెయిలీలో ముద్రించిన నమూనా బ్యాలెట్ కాగితం మీదికి తెచ్చారు. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. కొత్త సర్క్యూటూ లేదు, కొత్త మీటా లేదు.

బూత్‌లో జరిగేది ఇదీ. ఓటరు నమూనా బ్యాలెట్‌ను వేళ్లతో తడిమి చదువుకుని, తాను ఓటేయదలచిన అభ్యర్థి వరుస సంఖ్య గుర్తుపెట్టుకుంటారు. కంపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి బ్యాలెట్ యూనిట్ కుడి అంచున, నీలం మీటల పక్కన వేలు కిందికి జరుపుతారు. బ్రెయిలీలో ఒకటికి ఒకే చుక్క. రెండుకు దాని కిందే ఇంకో చుక్క. పది నుంచి రెండేసి అంకెలు పక్కపక్కనే తగులుతాయి. కావలసిన అంకె తగలగానే పక్కనున్న మీట నొక్కుతారు. పొడుగ్గా బీప్ వినబడితే ఓటు పడినట్టు. ఎర్ర లైటు కనబడకపోయినా ఫర్వాలేదు.

ఆసిఫ్‌నగర్ తర్వాత 2005లో బీహార్, జార్ఖండ్, హర్యానాల్లో, 2006లో తమిళనాడు, కేరళ వంటి చోట్ల ఒక్కో నియోజకవర్గంలో వాడి చూశారు. 2008లో ఢిల్లీ అంతటా పెట్టారు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా వచ్చేసింది. విచిత్రమేమంటే, అదే ఏడాది నియోజకవర్గాల పునర్విభజనతో ఆసిఫ్‌నగర్ పేరే లేకుండా పోయింది.

తర్వాత వచ్చినవాటిలో కొన్ని ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నాయి. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో మొదలైన, ఓటు చీటీ చూపే వీవీప్యాట్ యంత్రం 2019 కల్లా అన్ని బూత్‌లకూ చేరింది. మీట నొక్కాక చీటీ ఏడు సెకన్ల పాటు అద్దం వెనక కనబడుతుంది. కనబడటమే తప్ప వినబడదు, చేతికి తగలదు. ఓటు సరిగ్గా పడిందో లేదో సరిచూసుకునే ఆ హక్కు చూపున్నవారికే దక్కింది.

ఇంటి దగ్గరే ఓటు కూడా అంతే. 2019లో నిబంధనలు మార్చారు. తెలంగాణలో 2023 అసెంబ్లీ ఎన్నికల్లో అమలైంది, 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇచ్చారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు ఫారం 12డి నింపి ఇస్తే పోలింగ్ బృందమే ఇంటికి వస్తుంది. మంచం దిగలేని మనిషికి ఇది నిజంగా పెద్ద మేలు. కానీ వారు తెచ్చేది పోస్టల్ బ్యాలెట్, అంటే మళ్లీ కాగితమే. చూపులేని ఓటరుకు మళ్లీ తోడు కావాల్సిందే. సౌకర్యం పెరిగింది, రహస్యం పోయింది. నడవగలిగిన చూపులేని ఓటరుకు ఈనాటికీ బూత్‌లోని యంత్రమే మేలని నా అభిప్రాయం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ ప్రకారం పోలింగ్ కేంద్రమే కాదు, ఎన్నికల సామగ్రి కూడా వారికి అందుబాటులో ఉండాలి. వచ్చే ఎన్నికల్లో మీరు పోలింగ్ డ్యూటీలో ఉంటే, నల్లకళ్లద్దాల ఓటరును “మీ వెంట ఎవరొచ్చారు?” అని అడిగే ముందు బ్రెయిలీ నమూనా బ్యాలెట్ చేతికివ్వండి. తోడు తెచ్చుకోవడం వారి ఇష్టం, నిర్బంధం కాదు. మీకే చూపు లేకపోతే, ఆ కాగితాన్ని ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను అడిగి తీసుకోండి. లేదంటే 1950కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.