జివెర్నీ కుప్పలు

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1890-91లో నార్మండీలోని జివెర్నీలో వేసిన కుప్పల చిత్రాలను వెలుగు పాఠాలుగా చూడడం మనకు అలవాటైపోయింది. ఒకే వస్తువు, మారే వేళలు, మారే రంగులు. ఈ మాట తప్పు కాదు, కానీ దీనివల్ల పొలం మరుగున పడుతోంది. ఈ చిత్రాలు పుట్టడానికి మోనే కన్ను ఎంత కారణమో, నార్మండీ రైతుల నూర్పిడి పద్ధతి కూడా అంతే కారణమని నా వాదన. ఆ కుప్పలు పశువుల మేతకు వేసిన గడ్డివాములు కావు. గింజ రాలని గోధుమ పనలను వెన్నులు లోపలికి ఉండేలా గుండ్రంగా పేర్చి, వాన దిగకుండా పైన గడ్డితో కప్పేవారు. కొన్ని 15 నుంచి 20 అడుగుల ఎత్తుండేవి. నూర్పిడి యంత్రం ప్రతి రైతు దగ్గరా ఉండేది కాదు. అది ఊరూరా తిరుగుతూ వచ్చేది, కొన్ని ఊళ్ల వంతు వచ్చేసరికి చలికాలం దాటిపోయేది. కోత కాగానే నూర్పిడి జరిగిపోయి ఉంటే వేసవి చివరి ఎండను, శీతాకాలపు మంచును ఒకే కుప్ప మీద చూసే వీలు మోనేకు ఉండేదే కాదు. సుమారు 25 చిత్రాలు వేయడానికి ఆయనకు కావలసిన వ్యవధిని ఇచ్చింది వంతు కోసం ఎదురుచూసిన ఆ పంటే.

చిత్రకారుడికి వస్తువుతో పనేముంది, వెలుగే ముఖ్యం కదా అని అడగవచ్చు. 1890 అక్టోబరులో విమర్శకుడు గుస్తావ్ జెఫ్రువాకు రాసిన ఉత్తరంలో మోనే క్షణాన్ని, అంతటా పరుచుకున్న వెలుగును పట్టుకోవాలన్న తపననే చెప్పుకున్నాడు. తర్వాత చిత్రకారుడైన కాండిన్‌స్కీ మాస్కోలో ఈ కుప్పల చిత్రాల్లో ఒకదాన్ని చూసినప్పుడు, ప్రదర్శన జాబితా చదివేదాకా అదేమిటో పోల్చుకోలేకపోయాడు. ఇవి బలమైన సాక్ష్యాలే. అయితే అవి చెప్పేది మోనే ఏం వెతికాడో, కాండిన్‌స్కీకి ఏం కనిపించిందో మాత్రమే. ఆ వెతుకులాట అన్ని నెలలు సాగడానికి పొలంలో ఏం నిలిచి ఉండాలో అవి చెప్పవు. ఆ సంగతి మోనేకు తెలుసు. 1891లో ఎప్ట్ నది ఒడ్డున లిమెట్జ్ దగ్గర ఆయన పాప్లర్ చెట్లను చిత్రిస్తుండగా, వాటిని కలప కోసం వేలానికి పెట్టారు. చిత్రాలు పూర్తయ్యేదాకా చెట్లు కొట్టకుండా ఉండేందుకు ఆయన కలప వ్యాపారికి డబ్బు చెల్లించాడు. తన ముందున్నది అమ్ముడుపోయే సరుకని, దానికి కొట్టే రోజంటూ ఒకటుంటుందని ఆయన ఎరుగును.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది: ఈ చిత్రాల్లో రైతు లేడు. చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన పరిగె ఏరేవాళ్ల చిత్రంలోనూ వెనక పెద్ద కుప్పలున్నాయి, కానీ వాటికి ముందు ముగ్గురు పేద స్త్రీలు నడుము వంచి గింజలు ఏరుకుంటున్నారు. కుప్ప ఎవరిదో, పరిగె ఎవరికో అక్కడ స్పష్టం. మోనే ఆ మనుషులను తీసేసి కుప్పను ముందుకు తెచ్చాడు. ఇది నిజంగా లోటే, దాన్ని వెలుగుతో కప్పిపుచ్చలేం. 1891 మేలో చిత్రాల వ్యాపారి ద్యురాన్-రుయెల్ తన ప్యారిస్ గ్యాలరీలో వీటిలో 15 చిత్రాలను ప్రదర్శించినప్పుడు, గోడల మీద ఉన్నది ఒక గ్రామం ఏడాది కష్టం. ఆ కష్టం చేసినవారు మాత్రం అక్కడ లేరు.