వెల్లింగ్టన్ దొరకు టోపీ

మన వేంపల్లె సీమ ఇంగ్లీషు కుంపిణీ చేతికి యెట్లా పోయిందో పెద్దలకు తెలిసిన సంగతే. 1779లో హైదర్ అలీ కడప నవాబుల రాజ్యాన్ని తీసుకున్నాడు. 1792లో అది నిజాం పాలైంది. 1799 మే 4న శ్రీరంగపట్టణం కోట పడి టిప్పు సుల్తాన్ వీరమరణం పొందిన మరుసటి యేడు, అక్టోబరులో, నిజాం యీ సీమనంతా కుంపిణీకి ధారపోసినాడు. దత్తమండలం అనే పేరు అప్పుడు వచ్చిందే.

ఆ యుద్ధంలో నిజాం సేనలతో కూడిన దళాన్ని నడిపినవాడు ఆర్థర్ వెల్లెస్లీ అనే కర్నల్. గవర్నర్ జనరల్‌కు స్వయానా తమ్ముడు. 1799 యేప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపు మీదికి పోయి, చీకట్లో దారి తప్పి, టిప్పు సిపాయిల చేతిలో దెబ్బతిని, మోకాలికి గాయంతో దండుకు తిరిగి వచ్చినాడు. పగలు చూడని చోటికి రాత్రిపూట దాడికి పోగూడదని ఆ దెబ్బతో తీర్మానించుకున్నాడట. 1803లో అస్సాయే దగ్గర మరాఠాలను గెలిచి, తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయి, 1815లో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించినాడు. ఇంగ్లాండు ప్రధానమంత్రి కూడా అయినాడు. యిక విగ్రహాలకు కొదవేముంది?

అందులో ఒకటి స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో వున్నది. మరోచెట్టి అనే శిల్పి చేసినాడు. 1844లో నిలబెట్టినారు. గుర్రం మీద దొర ఠీవిగా కూర్చుని వుంటాడు. కింద పీఠానికి అస్సాయే, వాటర్లూ యుద్ధాల చిత్రాలు కంచులో పోతపోసి బిగించినారు. అస్సాయేలో ఆయన పక్కన నిలిచి చచ్చినవాళ్లలో మద్రాసు పటాలాల సిపాయిలు చాలామంది. మనకెందుకీ గ్లాస్గో అంటారేమో, గండి దగ్గర బంగారు తోరణం చూచినాడని మనవాళ్లు కథగా చెప్పుకునే మన్రో దొర పుట్టి చదువుకున్నది ఆ వూర్లోనే. తండ్రి పొగాకు వర్తకుడు, అమెరికా యుద్ధంతో దివాలా తీసినాడు. ఆ విగ్రహం వెనక వుండే భవనం కూడా మొదట పొగాకు వర్తకుని మేడే. 1996 నుంచి అందులో చిత్రకళా మ్యూజియం నడుస్తున్నది.

సరే, అసలు సంగతికి వస్తాను. 1980ల మొదట్లో యెవరో కుర్రవాళ్లు, రాత్రిపూట, మందు మీద వుండి కాబోలు, గుర్రమెక్కి దొర నెత్తిన ఒక ట్రాఫిక్ కోను బోర్లించినారు. రోడ్డు మరమ్మతు జరిగే చోట పెడతారే, ఆ ఎర్ర ప్లాస్టిక్ కోను. తెల్లారి మునిసిపాలిటీవాళ్లు తీసేసినారు. మళ్లీ పెట్టినారు. మళ్లీ తీసినారు. యిట్లా నలభై యేండ్లు దాటింది. ఒక్కోసారి దొరకే కాదు, గుర్రానికీ ఒకటి తొడుగుతారు. 2012 ఒలింపిక్స్ అప్పుడు బంగారు రంగు కోను పెట్టినారు.

టిప్పు మీది అభిమానంతో వాళ్లీ పని చేసినారని మనం మురిసిపోవాల్సిన పని లేదు. ఆ కుర్రవాళ్లలో సుల్తాన్‌పేట పేరు విన్నవాడు ఒక్కడన్నా వుంటాడని నేననుకోను. పెద్దవాళ్లు నిలబెట్టి పోయిన పెద్దమనిషిని బజారు జనం తమవాణ్ణి చేసుకున్నారు, అంతే. ద్వేషంతో చేసివుంటే విగ్రహాన్ని పగలగొట్టేవాళ్లు.

అధికారులకు మాత్రం యిది హాస్యంగా తోచలేదు. కోను తీసిన ప్రతిసారీ నూరు పౌండ్లు, యేడాదికి పదివేలు ఖర్చని లెక్క కట్టి, 2013 నవంబరులో పీఠాన్ని రెండింతలు యెత్తు చేయాలని ఆలోచన చేసినారు. మొత్తం పనికి 65,000 పౌండ్లు. యెత్తు పెంచితే యెక్కలేరని వాళ్ల నమ్మకం. ఒక్క రోజు గడవకముందే పదివేలమందికి పైగా కోను వుండాల్సిందేనని అర్జీ మీద సంతకాలు పెట్టినారు. నగర పాలకులు ఆలోచన మానుకున్నారు. మన పంచాయతీలో ఒక వీధి దీపానికి సంతకాలు పెట్టించాలంటే యెన్ని గడపలు తొక్కాలో మన సంఘంవాళ్లకు తెలుసు గదా! మరుసటి యేడు కామన్వెల్త్ ఆటల ప్రారంభోత్సవంలో ఆ కోను టోపీ దొరను ప్రపంచానికంతా వాళ్లే చూపించినారు.

మన్రో దొర మాత్రం యేం తప్పించుకున్నాడు? 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయినాడు. మద్రాసులో ఆయనకూ గుర్రం మీద విగ్రహం పెట్టినారు. చాంట్రీ చేసిన ఆ విగ్రహంలో గుర్రానికి జీను లేదు, కాళ్లు పెట్టుకునేందుకు రికాబులూ లేవు. శిల్పి మరిచిపోయినాడని జనం కథలు అల్లుకున్నారు. పాపం, ఆయనకు కోను భాగ్యం దక్కలేదు.

2023లో బ్యాంక్సీ అనే పేరుతో, ముఖం చూపకుండా గోడల మీద బొమ్మలు వేసే చిత్రకారుడు తన ప్రదర్శనకు ఆ గ్లాస్గో మ్యూజియంనే యెంచుకున్నాడు. యెందుకంటే, దేశం మొత్తం మీద తనకు యిష్టమైన కళాఖండం బయట దొర నెత్తిన వున్న ఆ కోనేనని చెప్పినాడు. లోపల బొమ్మలు చూడను టిక్కెట్టు పెట్టినారు. బయటిది మాత్రం యెప్పటిలాగా వుచితమే.