రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి ఉద్యోగ జీవితము – విద్యాసేవ

పెద్దలను స్మరించుట యనగా పటమునకు పూలమాల వేయుట మాత్రమే కాదు. వారు చేసిన పని యెట్టిది, ఆ కాలమున దాని యావశ్యకత యేమి, అది యెంతవరకు సాగినది, మనకు మిగిలినదెంత యని విచారించుటయే నిజమైన స్మరణము. ఈ యుద్దేశముతోనే రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారి చరిత్రమును ఈ సంచిక మూలమున సోదర సోదరీమణులకు నివేదించుచున్నాము.

శ్రీవారు 1869వ సంవత్సరమున వనపర్తి ప్రాంతమున జన్మించిరి. హైదరాబాదు రాజ్యపు పోలీసుశాఖలో అమీను పదవిలో ప్రవేశించి, జిల్లాలలో పలుతావుల పనిచేసి, ఒక్కొక్క మెట్టే యెక్కుచు పైకి వచ్చిరి. 1920లో, ఏబదియొక యేండ్ల వయసున, రాజధానీ నగరమునకు కొత్వాలైరి. అసఫ్‌జాహీల పాలనములో ఆ పదవి నలంకరించిన ప్రథమ హిందువు వీరేయని ప్రసిద్ధి. కొత్వాలనగా దొంగలను పట్టు నధికారి మాత్రమే కాడు; నగర శాంతిభద్రతల భారమంతయు నతనిదే. నిజాముతో ముఖాముఖి మాటలాడగల కొలదిమందిలో నతడొకడు. ఖిలాఫతు, సహాయనిరాకరణములతో దేశమంతయు నుడికిపోవుచున్న 1922లో వేల్సు యువరాజు హైదరాబాదునకు వచ్చినపుడు నగర రక్షణ వీరి చేతిలోనే యుండెను. విరమించు వయసు దాటినను ప్రభువు వీరిని విడువలేదు. 1934 వరకు, పదునాలుగేండ్లు, ఆ పదవిలో నుండిరి. ప్రభువు నుండి రాజబహద్దరు బిరుదమును, ఆంగ్ల ప్రభుత్వము నుండి ఓ.బి.ఇ. బిరుదమును పొందిరి.

పదవులు పదవులతోనే పోవును. బిరుదములు పేరునకు ముందువెనుకల నిలిచి యూరకుండును. వీరి పేరు నేటికిని నిలుచుటకు కారణము వేఱు.

అప్పటి తెలంగాణపు స్థితిని తలచుకొందము. రాజభాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన యుర్దూలోనే. పల్లెలలో బడులు మిక్కిలి తక్కువ; పైచదువు కావలెనన్న పట్టణమునకు రావలసినదే. బిడ్డను పంపుటకు తండ్రికి మనసున్నను, వానికి పట్టెడన్నము పెట్టి, కంట కనిపెట్టి యుండు నిల్లేది? కలిగినవారి బిడ్డలకే యీ చిక్కు తప్పనపుడు, సామాన్య కాపు కుటుంబముల సంగతి చెప్పనేల? బుద్ధి యుండియు బస లేక ఎందఱో చదువునకు దూరమైరి.

ఈ కొఱతను గుర్తించి రెడ్డిగారు 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును స్థాపించుటకు ముందు నిలిచిరి. అప్పటికి వారింకను కొత్వాలు కాలేదు. సంస్థానాధీశులను, దేశముఖులను, ఉద్యోగులను ఆశ్రయించి విరాళములు కూర్చిరి. అడుగువాడు గౌరవనీయుడైనచో ఇచ్చువాని చేయి వెనుదీయదు గదా! తరువాత వచ్చిన యధికారమును సంస్థకు అండయయ్యెను.

వసతిగృహము తిండికిని నిద్రకును మాత్రమే చోటు కాలేదు. అందలి గ్రంథాలయము పేరుగాంచెను. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ గృహ నిర్వహణమున పాల్గొని, బాలురకు తెలుగు మీద మక్కువ గలిగించిరి. గోలకొండ పత్రికకు సంపాదకులై, తెలంగాణమున కవులు లేరన్న యపవాదమునకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించి ప్రత్యుత్తరమిచ్చినవారు వీరే. 1939లో రెడ్డిగారి జీవితచరిత్రమును రచించినవారును వీరే. బాలికల విద్య విషయమునను రెడ్డిగారు వెనుకబడలేదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో వెలసిన ఆంధ్ర బాలికా పాఠశాలకు తోడ్పడిరి. తెలుగున బోధించు నా పాఠశాలకు స్థానికముగా గుర్తింపు సుకరము గాకపోగా, బాలికలు పూనా యందలి కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పోవలసి వచ్చెను. అట్టి దినములలో రాజోద్యోగి యొకడు దాని పక్షమున నిలుచుట సామాన్యము కాదు.

ఇచట నొక విషయమును దాచక చెప్పవలెను. రెడ్డిగారు నిజామునకు విధేయులైన సేవకులు. కాని వారు నిలిపిన గృహమున నివసించిన రావి నారాయణరెడ్డిగారు జాగీరుదారీ విధానమును, వెట్టిచాకిరిని ఎదిరించి, 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటమునకు నాయకులలో నొకరైరి. వెట్టి చేయించుకొన్న దొరలలో మన కులమువారు లేకపోలేదు. దానిని కూలద్రోయ నడుము గట్టినవారిలోను మనవారున్నారు. కొత్వాలుగారు ఈ ఫలమును కోరి విత్తనము వేసియుండరు. అయినను విద్య యొసగినవాడు విద్యార్థి యాలోచనకు కళ్లెము వేయజాలడు. ఆ గృహమునకు నిజమైన కీర్తి యిదియే యని మా యభిప్రాయము.

కొత్వాలు పదవిని విడిచిన పిదపను రెడ్డిగారు సంఘసేవను విడువలేదు. 1953లో పరమపదించిరి. మరుసటి యేట, 1954లో, నారాయణగూడలో వెలసిన మహిళా కళాశాల వీరి పేరనే నడుచుచున్నది. తెలంగాణ పోలీసు శిక్షణాలయమును వీరి పేరనే యున్నది. వీరి జీవితపు రెండు పాయలకును ఇవి రెండు గుర్తులు.

1918లో కొఱవడినది బస. నేడు నగరమున బసలకు లోటు లేదు. వాని వెల చెల్లింపలేని బిడ్డలకు మాత్రము లోటున్నది. వారు మన కులమున నున్నారు, ఇతర కులములలో నింకను ఎక్కువగా నున్నారు. తన కులమువారి కొఱకు తలుపు తెఱచుట ఆనాటికి గొప్ప. ఆ తలుపును అందఱకును తెఱచి యుంచుట నేటి ధర్మము. దాతలైన మహాశయులు ఈ సమావేశము నుండి ఇండ్లకు మరలునప్పుడు ఒక్క పేదబిడ్డ చదువు భారమునైన మనసున నిశ్చయించుకొని పోయినచో, రెడ్డిగారిని స్మరించిన ఫలము మనకు దక్కినట్లే.