ముక్కోణపు ఇత్తడి బిళ్ళ



బిళ్ళబంట్రోతు అన్న మాట మీరు వినే ఉంటారు. ఒకప్పుడు రొమ్ముమీద ఇత్తడి బిళ్ళ కనిపిస్తే అతడు సర్కారు మనిషని లెక్కగా ఉండేది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్‌లో అలాంటి బిళ్ళనే ఆయుధ కర్మాగారాల్లో పనిచేసే స్త్రీలకు ఇచ్చారు. ఈనాటి ప్రసంగం దాని గురించే.

1914లో యుద్ధం మొదలైంది. యూనిఫాం లేకుండా వీధిలో కనిపించిన మగవాడి చేతిలో కొందరు ఆడవాళ్ళు తెల్ల ఈక పెట్టి, పిరికివాడని ఎగతాళి చేసేవారు. ఫిరంగి గుండ్లు తయారుచేసే పనివాడికీ ఈ అవమానం తప్పలేదు. అందుకే ఆ ఏడాది చివరినుంచి 'యుద్ధసేవలో' అనే అక్షరాలున్న బిళ్ళలు ఇవ్వసాగారు. మగవాడికి అది రక్ష.

మరి స్త్రీలకెందుకు? 1915లో గుండ్ల కొరత ఏర్పడింది. లాయడ్ జార్జి మంత్రిగా ఆయుధ సామగ్రి శాఖ వెలిసింది. మగవాళ్ళు యుద్ధానికి పోగా, ఆ పని ఆడవాళ్ళు అందుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి వారి సంఖ్య 9 లక్షలు దాటింది. 1916లో వారికి ముక్కోణపు బిళ్ళ వచ్చింది. స్త్రీకి అది రక్ష కాదు, గుర్తింపు.

ఆ గుర్తింపు వెనుక కష్టం చూడండి. టి.ఎన్.టి. అనే పేలుడుమందు తగిలి చర్మం పసుపురంగుకు తిరిగేది. జనం వారిని 'కెనరీ పిట్టలు' అనేవారు. ఆ విషంవల్ల కామెర్లు వచ్చి నూరుమందికి పైగా చనిపోయారు. నిప్పురవ్వ భయంతో మందు కూరే గదుల్లోకి తలపిన్ను, ఉంగరం వంటి లోహపు వస్తువులేవీ రానిచ్చేవారు కారు. అంటే, ప్రాణాపాయం ఉన్నచోటికి ఇత్తడి బిళ్ళ తీసిపెట్టి వెళ్ళవలసిందే!

1916 డిసెంబరు 5 రాత్రి లీడ్స్ దగ్గర బార్న్‌బో కర్మాగారంలో గుండు పేలి 35 మంది స్త్రీలు మరణించారు. యుద్ధకాలపు ఆంక్షలవల్ల పత్రికల్లో ఆ వివరాలు రాలేదు.

1918లో స్త్రీలకు ఓటు వచ్చింది. కాని 30 ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత కూడా ఉన్నవారికే. గుండ్లలో మందు కూరిన పడుచుపిల్లల్లో ఎందరో మిగిలిపోయారు. మగవారితో సమానమైన ఓటుకు 1928 దాకా ఆగవలసి వచ్చింది. ఉద్యోగాలు మాత్రం ఆగలేదు. యుద్ధానికి పూర్వపు పద్ధతులను తిరిగి తెస్తూ 1919లో చట్టం వచ్చింది. ఎందరో స్త్రీలు ఆ పనులు వదులుకోవలసి వచ్చింది.

కనుక శ్రోతలారా, పాత బిళ్ళను చూసినప్పుడు దానిమీద ఏం రాసి ఉందో చదివితే చాలదు. ఇచ్చినవారు దానితోపాటు ఏమేమి ఇవ్వలేదో కూడా అడగాలి. సెలవు.